ముత్తియాల్‌పేటలో మూడక్షరాల నిద్ర

ఫోన్ చూడకుండా గళ్ల నుడికట్టు పూర్తి చేస్తానని మా ఆయనతో పందెం కాసి పుదుచ్చేరి వచ్చాను. ఒక్క మాట దొరకక రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. మధ్యాహ్నం ముత్తియాల్‌పేటలో ఆటో ఎక్కి కూడా ఆధారాన్ని పైకే చదువుకుంటున్నాను: "ఎటు నుంచి తీసినా నిద్రే. మూడక్షరాలు."

ఆటో నడిపే పెద్దాయన వెనక్కి తిరిగాడు. "తెలుగోళ్లా? మా ఇంట్లోనూ తెలుగే. యాడికి పోవాలమ్మా?"

"బస్టాండుకి. ముందు ఇది చూడండి," అని పుస్తకం చాపాను.

"నాకు మాట్లాడేది వచ్చు, చదివేది రాదు."

సరే అని మళ్లీ చదివాను. ఇంకోసారి చదివాను. ఆయన ఆవలించాడు. "ఏందమ్మా ఇది! నువ్వు యోచన చేస్తా ఉండు. అంతలోపల నేను ఒక కునుకు తీస్తా."

"కునుకు!"

నా అరుపుకి ఆయన ఉలిక్కిపడి హారన్ నొక్కేశాడు.

గళ్లు నింపి చూపించాను. ఆయన మొదటి గడి మీద వేలు పెట్టాడు, తర్వాత చివరి గడి మీద. "ఇదీ అదీ ఒకే బొమ్మ కదా. ఎటునించి పోయినా ఒకటే. రైటే."

ఆటో కదిలించే ముందు పక్క ఆటో అతన్ని పిలిచి తమిళంలో గర్వంగా ఏదో చెప్పాడు. అందులో నాకు అర్థమైనవి రెండే మాటలు: తెలుగు, పాసు.