పూతరేకులు గారు

ఆ రోజుల్లో (యుగాల కిందటి మాటేం కాదు, అమలాపురంలో డిగ్రీ ముగించి ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజులు) వెబ్‌సైట్లు కట్టే జావాస్క్రిప్ట్ భాష బాగా వచ్చినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరేనని నా గట్టి నమ్మకం: దాన్ని కనిపెట్టినాయన, నేను. ఆత్రేయపురంలో పూతరేకులు చేసి అమ్మే మా మేనత్త తన వ్యాపారానికి వెబ్‌సైటు కావాలంది. హైదరాబాదు కంపెనీకి ఇద్దామని మా పెదనాన్న, మన పిల్ల ఉండగా పైవాళ్లెందుకని అత్త పట్టుబట్టారు. చివరికి అందరి ముందూ తెరిచి చూపించాలనీ, నచ్చకపోతే హైదరాబాదుకేననీ పెదనాన్న తేల్చేశారు. నా తొలి ఉద్యోగం, నా కోసం అత్త పట్టిన పట్టు, రెండూ ఆ పూట మీదే ఆధారపడ్డాయి.

అత్త షరతు ఒక్కటే. కొన్నవాళ్ల పేరు ఎక్కడ కనబడినా చివర గారు ఉండాలి. (మా వైపు గారు లేకుండా పిలిస్తే వచ్చిన చుట్టం మంచినీళ్లు కూడా ముట్టడు.) మొదట ప్రతి పేజీలోనూ విడివిడిగా రాసుకుంటూ పోయాను. వేళ్లు నొప్పులు పుట్టాక బుద్ధి వచ్చి, పేరు ఇస్తే గారు చేర్చి తిరిగిచ్చే ఫంక్షన్ ఒకటి రాశాను. ఇక మళ్లీ రాసే పని లేదు, కావలసినచోట దాన్ని పిలవడమే. ఆ ఆనందం పట్టలేక, పేరన్నది కనబడిన ప్రతిచోటా పిలిచేశాను.

చూపించే రోజు సరుకుల పేజీ తెరిచేసరికి ‘బెల్లం పూతరేకులు గారు’, కిందనే ‘జీడిపప్పు పూతరేకులు గారు’ కొలువుతీరి ఉన్నారు. పెదనాన్న కళ్లజోడు సవరించుకుని, “ఆయ్, వీరెవరండీ?” అని నన్నే అడిగారు. అక్కడే కూర్చుని, మిఠాయి పేరైతే గారు వద్దని ఫంక్షన్‌లో ఓ వరుస చేర్చాను. అంతే, ఏ పేజీ తీసినా మిఠాయిలన్నీ మళ్లీ మిఠాయిలైపోయాయి. ఒక్కచోట ముట్టుకుంటే అన్నిచోట్లా ఎలా మారిందని పెదనాన్న మళ్లీ మళ్లీ అడుగుతుంటే, నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

అత్త మాత్రం మొహం ముడుచుకుంది. “ఎందుకు తీసేసేవే? రేకు తీసే వేడి కుండ ముందు చేతులు కాల్చుకుని చేసినవి. వాటికి మనమే మర్యాద ఇవ్వకపోతే కొనేవాళ్లిస్తారేటి? మళ్లీ పెట్టు.” ఆ వరుస తీసేశాను. పెదనాన్న నవ్వారు, హైదరాబాదు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు పెద్ద కంపెనీలో, ఎవరెవరో వాడుకునే ఫంక్షన్లు రాస్తున్నాను. అవేవీ నాకు అంత ముద్దు రావు. జీడిపప్పు పూతరేకులు గారు ఉన్నారాండీ అని అత్తకు ఇప్పటికీ ఫోన్లు వస్తాయట. మొన్న నేనూ ఆర్డరు పెడితే, నా పేరు పక్కనా గారు వచ్చి నిలబడింది. చూసి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ సైటు కట్టే రోజుల్లోనూ పరీక్షకని నా పేరే కొట్టి చూసుకునేదాన్ని. అందరూ ఒసేయ్, ఏమే అనే ఆ వయసులో, నన్ను మొట్టమొదట గారు అన్నది నేను రాసిన ఆ ఫంక్షనే.