బస్సులో పోగొట్టిన చివరి భాగం

ఎదురింటి అత్త సీరియల్లో చివరి భాగం పోగొట్టింది మా అమ్మ కాదు, నేను. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే తిరుపతిలో మా వీధిలో ఇద్దరు ఆడవాళ్లు అన్నేళ్లు ముఖాలు తిప్పుకుని తిరిగేవాళ్లు కాదు.

తొంభైల మొదట్లో సంగతి. అత్త వారపత్రికలోంచి సీరియల్ పేజీలు వారం వారం చించి దాచి, దబ్బళంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసేది. వీధంతా ఆ పుస్తకాలే చదివేది. అందరికంటే ముందు మా అమ్మకు దక్కేవి. ఆ ఏడాది వచ్చిన సీరియల్‌ని భార్య పోయిన ఒకాయన తానే చెప్పుకొస్తాడు. ఆమె మిద్దె మీదినుంచి పడిపోయిన సాయంత్రాన్ని తలుచుకుని ఏడుస్తాడు. ఎవరు తోశారని ఊరంతా అడుగుతూ తిరుగుతాడు. మా వీధిలో ఆయన కోసం కళ్లు తుడుచుకోని ఆడమనిషి లేదు.

చివరి భాగం వచ్చిన రోజే అత్త కూతురి కాన్పుకని గూడూరు బయల్దేరింది. చదవడానికీ తీరిక లేదు, కుట్టడానికీ తీరిక లేదు. ఆ పేజీలు చించి, పుస్తకంలో విడిగా పెట్టి అమ్మకిచ్చింది.

"నువ్వు సదివి పెట్టు వదినా. నేనొచ్చినాక సదువుకుంటా. కత మాత్రం నాకు చెప్పొద్దు."

అమ్మ రోజుకు కొంచెం చదివే మనిషి. నాకు ఆగలేదు. మర్నాడు చిత్తూరులో ఉద్యోగానికి పోతూ ఆ విడి పేజీలు మడిచి వెంట తీసుకుపోయాను, సాయంత్రం మళ్లీ పెట్టేద్దామని. బస్సు పూతలపట్టు దాటేలోపు చదివేశాను. తోసింది ఆయనే. 'నేనెక్కడా అబద్ధం చెప్పలేదు, ఆ సాయంత్రం కొంచెంసేపు జరిగింది మాత్రం చెప్పకుండా వదిలేశాను' అంటాడు. పాత భాగాలన్నీ మనసులో తిరగేసుకుంటూ, అవును, ఎక్కడా అబద్ధమాడలేదే అనుకుంటూ చిత్తూరులో దిగిపోయాను. పేజీలు సీటు మీదే ఉండిపోయాయి.

అత్త తిరిగొచ్చి చూసుకుంటే పుస్తకంలో ఆ పేజీలు లేవు. గొడవైంది.

"నేను పెట్టినా వదినా" అంది అత్త.

"పెట్టింటే యాడికి పోతాది? నువ్వు పెట్టనే లేదు."

"అయితే నేను అబద్ధాలదాన్నా?"

"మరి నేను దొంగనా?"

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వన్నా సూసినావా రా?"

"పుస్తకం నీ దిండు కిందే గదమ్మా ఉండింది" అన్నాను. అది నిజమే. కథలో ఆయన చెప్పే నిజాల్లాంటిదే.

ఆ రోజుతో ఇళ్ల మధ్య పెరుగు గిన్నెలు ఆగిపోయాయి. అత్త నీళ్లు పట్టుకుపోయాకే అమ్మ కుళాయి దగ్గరికి వెళ్లేది. అమ్మకు వేరే స్నేహం లేదు. మధ్యాహ్నాలు ఒక్కతే గడప మీద కూర్చునేది. నేను చూస్తూ ఊరుకున్నాను.

నా తల నెరవడం మొదలయ్యాక, అత్తకు కంటి ఆపరేషన్ అయిందని తెలిసి చూడ్డానికి వెళ్లాను. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"సదవడం మానేసినా నాయనా. మీయమ్మ పోగొట్టిన ఆ కత మాత్రం ఇంగా మనసులోనే ఉండాది. పాపం, పెండ్లాం పోయినోడు, ఎంత ఏడ్చినాడు. తోసినోడు దొరికినాడో లేదో."

ఇక ఉండబట్టలేదు. "ఆయనే తోసినాడత్తా."

అత్త నా వైపు తిరిగింది. "నీకెట్ల తెలుసు?"

అంతా చెప్పేశాను. ఇన్నేళ్లూ భయపడినట్టు ఏమీ కాలేదు. చెబుతుంటేనే ఒళ్లు తేలికైంది. ముగించేసరికి నాకు ఆకలి వేసింది.

"థూ, వాని కోసరమా నేను ఏడ్చింది" అంది అత్త ముందుగా. తర్వాత నా చెయ్యి పట్టుకుని లేచింది. "నాకు చెప్తే సాలదు, పా, మీయమ్మకు చెప్పు."

వీధి దాటించాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. అత్తను చూసి చాట పక్కకు జరిపింది.

"వీడేందో చెప్తాడంట, ఇను వదినా" అంటూ అత్త పక్కనే కూలబడింది.

నేను వాళ్ల ముందు గొంతుక్కూర్చున్నాను.

"అమ్మా, ఆ పేజీలు నేనే తీసుకుపోయినా. బస్సులో పోగొట్టినా. నువ్వడిగితే తెలిసి తెలిసీ చెప్పలేదు. మీరిద్దరూ మాట్లాడుకోకుండా చేసింది నేనే. తప్పయిపోయిందమ్మా. తప్పయిపోయిందత్తా."