గాజుపెంకు అన్న మనిషి

టీవీలో ఒక నాయకుడు మా వజ్రకరూరు చేలకు నది తెస్తానంటున్నాడు. కిటికీలోంచి తొలివానకు తడిసిన ఎర్రమట్టి వాసన వచ్చింది.

చిన్నప్పుడు అలాంటి వాన వెలిశాకే, ఊరంతా వజ్రాలు వెతికే చేలో నాకొక మెరిసే రాయి దొరికింది. దాని వెలుగుకు కోళ్లు తెల్లారిందనుకుని కూశాయని అందరికీ చెప్పాను.

ఓట్లకొచ్చిన ఒకాయన, "వజ్రమే రాజా" అని తల నిమిరాడు. మర్నాడు ఓట్లకే వచ్చిన ఇంకొకాయన దాన్ని ఎండకు పట్టి చూశాడు.

"గాజుపెంకప్పా. చెయ్యి తెగుతాది, పారెయ్."

మా చేలకు నీళ్లు తెచ్చే కాలువ సంగతి నాయన ఆయన్ని అడిగాడు.

"అది నాతో అయ్యే పని కాదన్నా. తెస్తానని ఎట్ల చెప్పేది?"

ఆయన వెళ్లాక, "ఆయప్పకు ఓటెయ్యొద్దు నాయనా" అని ఏడ్చాను.

"పిల్లోనికే తీపిమాట చెప్పనోడికి ఎవురేస్తార్లేరా" అని నాయన నవ్వాడు.

ఆయన ఓడిపోయాడు. మళ్లీ మా ఊరికి రాలేదు. కాలువా రాలేదు.

నా కోతలు నమ్మేవాళ్లు ఇప్పటికీ ఊరినిండా ఉన్నారు. నా చేతిలోది గాజుపెంకని చెప్పింది మాత్రం ఆయనొక్కడే.