చివరివాడు వచ్చేదాకా టిఫిన్ లేదు

పోయిన ఆదివారం పొద్దున మా తెనాలిలో ఆరోగ్యం కోసం పరుగు అని ఒకటి పెట్టారు. కాలువ గట్టు రోడ్డు మీద అంగలకుదురు దాకా వెళ్ళి తిరిగి రావాలి. పరిగెత్తగలిగినవాళ్ళు పరిగెత్తొచ్చు, నాలాంటివాళ్ళు నడవొచ్చు, అందరికీ ఒకే రంగు బనియను, వచ్చినవాడికి వచ్చినట్టు మెడలో ఒక పతకం, చేతిలో ఒక టిఫిన్ పొట్లం. నేను నడిచాను. డెబ్బై దాటినవాళ్ళలో నేనే ముందొచ్చానని, ఎవరూ అడగకపోయినా, మనవి చేసుకుంటున్నాను. పతకం వేయించుకుని వెనక్కి తిరిగి చూస్తే, గాలి నింపి నిలబెట్టిన పెద్ద ద్వారాన్ని ఇద్దరు కుర్రాళ్ళు అప్పుడే విప్పేస్తున్నారు. బుస్సుమని గాలిపోయి అది నెమ్మదిగా రోడ్డు మీదికి వాలిపోయింది. మైకు వాళ్ళు వైర్లు చుట్టేసుకుంటున్నారు. నాతోపాటు బయల్దేరిన నా నేస్తం ఇంకా రాలేదు.

ఇంకా ఒకాయన రావాలండీ అని చెబితే ఆ కుర్రాడు మర్యాదగానే, "పర్లేదు తాతగారూ, ఆయన పతకం, టిఫినూ మీకిచ్చేస్తాం, మీరిచ్చేయండి" అన్నాడు. పాపం వాళ్ళ తప్పేమీ లేదు, ఆ ద్వారం అద్దెకిచ్చినవాడు వేళకి తిరిగి తెచ్చేయమన్నాట్ట. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకెక్కిందో మీకు తెలియాలంటే మా బడి సంగతి చెప్పాలి, ఆ రావలసినవాడు నాకు నేస్తం ఎలా అయ్యాడో చెప్పాలి. మీలో ఆ రోజుల్లో హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళుంటే సగం నేను చెప్పకుండానే అర్థమవుతుంది.

మాది బాపట్ల దగ్గర పల్లె. నాన్నగారు లూథరన్ మిషను బడిలో పంతులు. తన బడిలోనే తన కొడుకు చదివితే గారాబం ఎక్కువవుతుందని, తెనాలి పక్కన యేసుసభ ఫాదర్లు నడిపే మగపిల్లల బోర్డింగు స్కూల్లో నన్ను చేర్పించారు. మా నాయనమ్మకి అది బొత్తిగా నచ్చలేదు. వాళ్ళు ఆర్సీఎం కేథలిక్కులు, మనం లూథరన్ వాళ్ళం, సెలవులకి వచ్చేసరికి పిల్లాడు జపమాల తిప్పుతుంటాడు చూడండి అని ఇంట్లో కనబడ్డ ప్రతివాళ్ళతోనూ సణిగింది. ఆవిడ భయపడ్డట్టు జపమాల తిప్పడం నాకు అబ్బలేదు గానీ పరుగు మాత్రం బ్రహ్మాండంగా అబ్బింది. ఆ బడిలో చదువు బాగుండేది, ప్రార్థన వేళ తప్పేది కాదు, క్రమశిక్షణ సంగతి చెప్పక్కర్లేదు, కానీ చుట్టుపక్కల ఊళ్ళలో మా బడిపిల్లల్ని గుర్తుపట్టింది మాత్రం మా కాళ్ళని బట్టే.

ఆటలు చూసే ఫాదర్ గారిది ఏదో చలిదేశం. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నారు కాబట్టి కోపం వచ్చినప్పుడు కూడా, నీవు మిక్కిలి సోమరివి, అని తిట్టేవారు. ఆ తిట్టు వినడానికే కొందరు కావాలని ఆలస్యంగా వచ్చేవారు. తెల్లటి పొడుగు అంగీని మోకాళ్ళ పైకి ఎత్తి కట్టి, ఆయన కూడా మాతో సమానంగా పరిగెత్తేవారు. మేం దూకే గుంటలో పోయడానికి పెనుమూడి నుంచి బండి మీద కృష్ణ ఇసుక తెప్పించి, అందులో గులకరాయి మిగలకుండా స్వయంగా జల్లెడ పట్టేవారు. ఆయన మా కాళ్ళని చూసుకున్నంత శ్రద్ధగా మా మార్కుల్ని చూసుకున్నట్టు నాకు గుర్తులేదు.

ఇక శనివారం. ఆరో తరగతి బుడతల దగ్గర్నుంచి మీసాలొచ్చిన ఎస్సెల్సీ వాళ్ళ దాకా బడి మొత్తం, ఈ కాలువ గట్టు మీదే, అంగలకుదురు దాకా పరిగెత్తి తిరిగి రావాలి. మిగతా రోజుల్లో పొద్దున గంజే, శనివారం మాత్రం ఉప్మా. అందులో జీడిపప్పు ఉండేది కాదు గానీ అల్లం, పచ్చిమిరపకాయలు దండిగా ఉండేవి, ఆ వాసన గేటు దాకా వచ్చేది. గంగాళం మీద మూతపెట్టి, ఆ మూత మీద చెయ్యి ఆనించుకుని వంటమామ్మ కూర్చునేది. చివరివాడు గేటు దాటేదాకా మూత తీయకూడదని ఫాదర్ గారి ఆజ్ఞ. మొదటివాడు వస్తే పరుగు అయిపోయినట్టు కాదు, చివరివాడు వస్తేనే అయినట్టు అని ఆయన లెక్క. ఉప్మా సంగతి మీకు తెలియనిదేముంది, ఒకసారి చల్లారి గడ్డకట్టిందంటే గరిటెకి కూడా లొంగదు. అందుకని ముందొచ్చినవాళ్ళం గేటు ముట్టుకుని, సరిగ్గా ఊపిరైనా పీల్చుకోకుండా వెనక్కి పరిగెత్తి, వెనకబడ్డవాళ్ళకి ఎదురెళ్ళి, వీపు మీద చెయ్యేసి నెడుతూ, తిడుతూ, బతిమాలుతూ వాళ్ళని తోలుకొచ్చేవాళ్ళం. గట్టు మీద పోయే జనం అది చూసి, ఫాదర్లు పిల్లలకి ఎంత ప్రేమ నేర్పారో అని ముచ్చటపడేవారు. ప్రేమా లేదు దోమా లేదు, అది ఆకలి. కానీ ఏళ్ళ తరబడి ఒకే పని ఆకలితో చేస్తే అది ఒంటికి పట్టేస్తుంది. గేటు ముట్టుకోగానే నా కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగేవి, ఆ తోలుకురావడంలో మా బడి మొత్తానికి నన్ను మించినవాడు లేడు.

మా భోజనాల హాల్లో గుమ్మం పైన ఒక పెద్ద ఇనప కొక్కెం ఉండేది. బాపట్లలో ఏటా జరిగే స్కూళ్ళ పోటీల షీల్డు తగిలించడానికని బడి కట్టిన రోజుల్లోనే దాన్ని కొట్టారట. కొక్కెమైతే కొట్టారు గానీ షీల్డు వస్తే కదా. ఏటా కొద్దిలో తప్పిపోయేది, రేపల్లె వైపు స్కూలొకటి ఎగరేసుకుపోయేది. ఖాళీగా ఉంది కదా అని మేం బెంచీ ఎక్కి దానికి తడి తువ్వాళ్ళు ఆరేసుకునేవాళ్ళం. నేను ఎస్సెల్సీకొచ్చిన ఏడు, ఇంక దీనికి తువ్వాలు ఆరేయడం ఉండదు, షీల్డు నేను తెస్తాను అని అందరి ముందూ అన్నాను. గొప్పలకి పోయి అన్న మాట కాదది, నా కాళ్ళ సంగతి నాకు తెలుసు.

ఆ ఏడు పోటీల్లో అన్నీ అయిపోయి, చిట్టచివరి పెద్ద పరుగు మిగిలేసరికి మేమూ రేపల్లె వాళ్ళూ నువ్వా నేనా అన్నట్టున్నాం. ఆ పరుగులో మొదటి ఆరుగురికీ పాయింట్లు. ఎండ దంచేస్తుంటే సగంమంది మధ్యలోనే కూలబడ్డారు, చివరికి మైదానంలో మిగిలిందే ఆరుగురం. అందరికంటే ముందు నేను. అందరికంటే వెనక రేపల్లె స్కూలు కుర్రాడొకడు, నా వయసువాడే, భుజాలు ఇంతేసి ఉన్నాయి, చూస్తేనే తెలుస్తోంది అది పరిగెత్తే ఒళ్ళు కాదని. దారం తెంచుకుని నేను మొదట వచ్చాను. మా వాళ్ళు టోపీలు ఎగరేస్తున్నారు. అప్పుడు నేను చెయ్యవలసిందల్లా పక్కకి తప్పుకుని మంచినీళ్ళు తాగడం. కానీ నా కాళ్ళు వెనక్కి తిరిగాయి. ఎదురెళ్ళి, ఆ కుర్రాడి పక్కన చేరి, వీపు మీద చెయ్యేసి, నడవరా నడు, ఉప్మా చల్లారిపోతోంది అంటూ నెట్టుకొచ్చాను. బాపట్ల మైదానంలో ఉప్మా ఎక్కడిదో నా నోటికి తెలియదు. వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అంతలో విజిల్ మోగింది. బయటివాడి సాయం తీసుకున్నాడు కాబట్టి చెల్లదని, గీత ఇంకాస్త దూరంలో ఉందనగా అంపైరు గారు వాణ్ణి పక్కకి లాగేశారు. సాయం చేసినవాడికి శిక్ష లేదట, తీసుకున్నవాడికేనట.

వాడు పచ్చిక మీద కూలబడి, రొప్పుతూనే, "నిన్నెవరు రమ్మన్నార్రా?" అన్నాడు. తర్వాత తెలిసింది, వాడు అసలు పరుగులవాడే కాదని, ఇనపగుండు విసిరేవాడని, నిజాంపట్నం వైపు సముద్రం మీద వేటకెళ్ళే ఇంటి పిల్లాడని. ఎండకి సగంమంది పడిపోతారని ముందే పసిగట్టిన వాళ్ళ డ్రిల్లు మాస్టారు, నువ్వు గెలవక్కర్లేదు, ఆగకుండా చివరిదాకా ఉంటే చాలు అని వాణ్ణి దింపారు. వాడికి ఏ కష్టమూ రాలేదు, తనకి చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్నాడు, నేను వెళ్ళి ఉద్ధరించాను. చివరివాడికి వచ్చే ఆ ఒక్క పాయింటుతో షీల్డు వాళ్ళదయ్యేది. అది పోయి ఇద్దరం సమానమయ్యాం. సమానమైతే మొదటి స్థానాలు ఎక్కువ వచ్చినవాళ్ళదే షీల్డు, అంటే మాది.

ఫాదర్ గారు అంపైర్ల బల్ల దగ్గరికెళ్ళి, తప్పు మావాడిది, తీసివేయదలిస్తే మావాణ్ణి తీసివేయండి అని వాదించారు. పక్కనే నిలబడి వింటున్నాను. మన ఫాదరే మన మొదటి స్థానం పీకేయమని అడుగుతుంటే ఎవరికైనా ఎలా ఉంటుంది? వాళ్ళు రూలు చూపించి కుదరదన్నారు, నా ప్రాణం కుదుటపడింది. తెనాలి వచ్చేదాకా రైల్లో మా కుర్రాళ్ళు పాటలే పాటలు, నేనూ గొంతు కలిపాను. గీత దాటింది నేను, రూలు పెట్టింది వాళ్ళు, ఇందులో నేను తలవంచుకోవలసింది ఏముందని నా ధీమా.

తీరా హాల్లోకి వచ్చాక, ఫాదర్ గారు షీల్డుని గోనెపట్టాలో చుట్టి బీరువా మీద పెట్టేశారు. ఈ పరుగు ఇంకనూ ముగియలేదు, చివరివాడు రాలేదు అన్నారు. మేమంతా నోళ్ళు తెరిచాం. ఉప్మాకి పెట్టిన లెక్క షీల్డుకి కూడా పెడతారని ఎవరనుకున్నారు? నాకైతే ఒళ్ళు మండిపోయింది, ఆ వారమంతా ఆయనకి ఎదురుపడకుండా తిరిగాను. శుక్రవారం సాయంత్రం ఆయనే నన్ను పిలిచి రేపల్లె రైలెక్కించుకుని తీసుకెళ్ళారు.

వాళ్ళ స్కూలు వరండాలో ఆ కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వచ్చి పరుగు పూర్తిచెయ్యమంటే, మీ బళ్ళో నాకేం పని అన్నాడు. ఫాదర్ గారు నా వైపు చూశారు. ఇక తప్పక నేనే మొదలుపెట్టాను, శనివారం సంగతి, గంగాళం సంగతి, మూత మీద వంటమామ్మ చెయ్యి, చల్లారిన ఉప్మా, అన్నీ చెప్పుకొచ్చాను. వింటూ వింటూ వాడు చేతులు విప్పేశాడు. "ఆకలి అలవాటుతో వచ్చావా? జాలిపడి వచ్చావనుకున్నానే" అని ఒకటే నవ్వు. వాడి కోపం పోయిన పాయింటు మీద కాదని, తన మీద ఎవడో జాలిపడ్డాడన్నదే వాడిని వారమంతా కాల్చిందని నాకు అప్పుడు అర్థమైంది. వాళ్ళ మాస్టారి అనుమతి తీసుకుని వాణ్ణి మాతోపాటే తెనాలి తీసుకొచ్చాం.

మర్నాడు పొద్దున వాడు మా అందరితోపాటు గట్టు మీద పరిగెత్తాడు. అందరికంటే చివర వచ్చాడు, వాడి ఒళ్ళు అలాంటిది. నేను మామూలుగా ఎదురెళ్ళాను, చెయ్యి మాత్రం వెయ్యొద్దన్నాడు, వెయ్యలేదు. ఇద్దరం గేటు దాటాక వంటమామ్మ మూత తీసింది. అందరూ కూర్చున్నాక ఫాదర్ గారు షీల్డు తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టి, నీవు గెలిచితివి, నీవే తగిలించు అన్నారు. షీల్డు పట్టుకుని బెంచీ ఎక్కాను కూడా. కొక్కెం నా మొహానికి ఎదురుగా ఉంది, హాలంతా నన్నే చూస్తోంది, ఒక్కడు తప్ప. వాడు తలెత్తకుండా ఉప్మా తింటున్నాడు. ఆ షీల్డు ఎవరిదో పరుగు తెలిసిన ప్రతివాడికీ తెలుసు, నాకు అందరికంటే బాగా తెలుసు. దిగొచ్చి వాడి ఒళ్ళో పెట్టేశాను. ఫాదర్ గారు, ఉప్మా చల్లారుచున్నది అన్నారు, అందరం తిన్నాం. ఆ షీల్డు గోనెపట్టాతో సహా రేపల్లె రైలెక్కి వెళ్ళిపోయింది. నేను బడి వదిలే రోజున కూడా ఆ కొక్కేనికి ఎవడిదో తువ్వాలు ఆరుతోంది. దాన్ని చూసి నాకు దిగులనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

వాడే నా నేస్తం. ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, పిల్లలు, అన్నిట్లోనూ ఒకరికొకరం ఉన్నాం. ఇప్పుడు తెనాల్లో కూతురి దగ్గర ఉంటున్నాడు, మోకాళ్ళు అరిగిపోయాయి, అయినా పరుగంటే బనియను వేసుకుని తయారవుతాడు. ఇప్పటి పరుగుల్లో అన్నీ బాగున్నాయి. దారంతా మంచినీళ్ళున్నాయి, చివర వైద్యులున్నారు, ఆడపిల్లలు హాయిగా పరిగెత్తుతున్నారు, వచ్చిన ప్రతివాడికీ పతకం ఉంది, మా రోజుల్లో ఇవేవీ లేవు. కానీ ఎవరి వేళ వాళ్ళ మణికట్టు మీదే చూసుకుంటున్నారు, ఎవరి టిఫిన్ వాళ్ళ చేతికొచ్చేస్తోంది. ఇంకొకడి కోసం వెనక్కి తిరగవలసిన అవసరమే లేకుండా చేశారు. అవసరం లేకపోతే అలవాటు ఎక్కడినుంచి వస్తుంది?

ఆదివారం నేను నా పొట్లం విప్పలేదు. రెండు పొట్లాలూ చేత్తో పట్టుకుని గట్టు వెంట వెనక్కి నడిచాను. చాలా దూరం పోయాక కనబడ్డాడు, ఒక్కడే, టోపీ చేతిలో పట్టుకుని, ఆగకుండా వస్తున్నాడు. పక్కన చేరి వీపు మీద చెయ్యేశాను. "నిన్నెవరు రమ్మన్నార్రా?" అన్నాడు. టిఫిన్ చల్లారిపోతోంది నడవమన్నాను. చెయ్యి తియ్యమనలేదు. అలా నడుచుకుంటూ మేం వచ్చేసరికి ద్వారం లేదు, మైకు లేదు, రోడ్డు మీద గీసిన సున్నపు గీతని లారీల చక్రాలు చెరిపేశాయి. ఉజ్జాయింపుగా అది ఉండే చోటు చూసుకుని ఇద్దరం దాటాం. నా చెయ్యి ఇంకా వాడి వీపు మీదే ఉంది. ఈసారి విజిల్ ఊది మమ్మల్ని పక్కకి లాగేయడానికైనా అక్కడ ఎవరూ మిగల్లేదు.