కామెడీ షోలో అమ్మ పరామర్శ

నాయన పోయి ఏడాది దాటినా అమ్మ నవ్వడం లేదని, తిరుపతిలో ఒక స్టాండప్ కామెడీ షోకి తీసుకెళ్లాను. తీరా చూస్తే స్టేజీ మీది కుర్రాడు చెప్పేదంతా వాళ్ల నాన్న చావు గురించే! పదకొండో రోజు వడలు గట్టిగా ఉన్నాయని బంధువులు అలిగారట. హాలంతా నవ్వింది, నేనూ పగలబడి నవ్వాను. పక్కకు చూస్తే అమ్మ లేదు.

స్టేజీ ఎక్కి ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని ఉంది.

"మీ నాయన ఎన్నడు పోయినాడప్పా? మీ అమ్మ ఎట్లుండాది?"

ఇదీ షోలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఆర్నెల్లయింది. అమ్మ అన్నమే సరిగ్గా తినడం లేదు," అన్నాడతను మైకులోనే.

పరామర్శకు వెళ్లిన చోట 'పోయొస్తా' అనకూడదు కదా, అమ్మ చెప్పకుండానే దిగి వచ్చేసింది.

ఇంటికొచ్చాక గడప బయటే ఆగి, "బకెట్‌తో నీళ్లు పెట్టు, పోసుకొని లోపలికొస్తా," అంది.

"అమ్మా, మనం పోయింది కామెడీ షోకి!"

"నువ్వూ పోసుకో. నవ్వినా సావింటికి పోయొచ్చినట్టే."

నాయన పోయినప్పుడు బంధువుల ముందు బింకంగా నిలబడ్డ నేను, ఆ బకెట్ పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మను నవ్వించడానికని తీసుకెళ్లింది నేనే మరి.