ఉప్పు మాత్ర

తొంభైల చివర్లో, నేను ఇంటర్ చదివేటప్పుడు, మా మేనత్త చిత్తూరులో మా ఇంట్లోనే ఉండి జాకెట్లు కుట్టేది. కొన్ని వారాలు ఆమె మిషను ఆగేది కాదు. అడగనివాళ్లకు కూడా కుట్టి పంచేది, వీధిలో పోయేవాళ్లను పిలిచి మరీ నవ్వించేది. ఆ తర్వాత కొన్ని వారాలు తల కూడా దువ్వుకోకుండా గోడవైపు తిరిగి పడుకునేది. నిజం చెప్పాలంటే, ఆ మొదటి వారాల అత్త అంటే నాకు చాలా ఇష్టం. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తుంది.

గాలి సోకిందని అవ్వ తాయెత్తు కట్టించింది. మనసు గట్టిగా లేదని నాయన అనేవాడు. మనసంటే మెదడులోని రసాయనాలేనని నేను లైబ్రరీ పుస్తకంలో చదివి డైరీలో రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చివరికి నాయన ఆమెను తిరుపతిలో డాక్టరుకు చూపించాడు. మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకు అత్త కుదుటపడింది. నవ్వూ తగ్గింది, ఏడుపూ తగ్గింది.

ఒకరోజు నేను మాత్రల పెట్టెలోని చీటీ చదువుతుంటే అవ్వ అడిగింది.

"ఏముండాది మే దాంట్లో?"

చుట్టాలొస్తే వంటింట్లో దాక్కునే నాకు ఆరోజు ఎక్కడలేని గర్వమొచ్చింది. "లిథియం అవ్వా. అదొక రకం ఉప్పు."

"ఉప్పా!"

అత్త పకపకా నవ్వింది. "ఉప్పూ కారం తినే మనిషేనా అని పెద్దోళ్లు ఊరికే అన్న్యారా? నాకు ఉప్పు సాల్లేదంట, సూడు!"

వేసవి వచ్చేసరికి అత్తకు దాహం ఎక్కువైంది, చేతులు వణకసాగాయి. ఒక జాకెట్టు మెడ వంకర పోయింది. ఆమె కత్తెర కింద పెట్టేసింది.

"ఈ మాత్ర నాకొద్దు. పిచ్చిదాన్నయినా అప్పుడు కుట్టుకుంటా ఉంటి గదా."

మాత్ర మానేస్తే మళ్లీ గోడవైపు తిరుగుతుందని నా భయం. అవ్వా నేనూ బతిమాలి ఆమెను తిరుపతి బస్సెక్కించాం. పూతలపట్టులో బస్సు ఆగితే కిటికీ దగ్గరికి మామిడికాయ ముక్కలు వచ్చాయి. అమ్మేవాడు ఉప్పూకారం చల్లబోతుంటే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ యమ్మకు ఒట్టిదే ఇయ్యప్పా."

"ఎందుకవ్వా?" అన్నాను.

"నువ్వే గదా చెప్తివి, మాత్రలోనే ఉప్పుండాదని! కూట్లో గూడా ఏస్తే నా మాదిరే బీపీ రాదా? నెల్నాళ్లుగా దానికి సప్పిడే పెడతా ఉండా."

"నేను డాక్టరు సెప్పిన పత్యం అనుకుంటినే," అంది అత్త.

చీటీ నా సంచిలోనే ఉంది. తీసి చూశాను. ఉప్పు తగ్గించకూడదని అందులోనే ఉంది. ఆరోజు నాకు నచ్చిన వాక్యం దొరకగానే నేను చదవడం ఆపేశాను.

"ఇంట్లో ఉప్పు తగ్గించారా?" అని తిరుపతిలో డాక్టరు అత్త చేతులు చూసి అడిగాడు. అవ్వ నా వైపు చూసింది.

"నావల్లే సార్," అన్నాను.

ఆయన కోప్పడలేదు. తిండిలో ఉప్పు తగ్గితే ఒళ్లు ఆ మందును బయటికి పోనివ్వదని, అది లోపలే పేరుకుపోతుందని చెప్పాడు. కొన్నాళ్లు మాత్ర ఆపి, రక్తం చూసి, మళ్లీ తక్కువగా మొదలుపెడదామన్నాడు.

"సారూ, ఒగటి అడగతా," అంది అత్త. "మాత్ర మింగితే ఉండేది నేనా, మింగకపోతే ఉండేది నేనా?"

నా పుస్తకంలో దీనికి జవాబు ఉందనుకున్నాను. ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాలేదు. డాక్టరు, "ఈ ప్రశ్న అడుగుతున్నది మాత్రం మీరేనమ్మా," అన్నాడు.

రక్తం ఇచ్చి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాం.

"మళ్లీ మింగమంటే మింగతా," అంది అత్త. "అయితే ఆ చీటీ అంతా సదువు. నీకు నచ్చినంత గాదు."

ఇంగ్లీషులో ఉన్నదాన్ని వరసగా తెలుగులో చెప్పసాగాను. చుట్టుపక్కలవాళ్లు కూడా వింటున్నారు. చీటీ ముఖానికి అడ్డం పెట్టుకుని చదివాను. ఒక మాట దగ్గర ఆగిపోయాను.

"ఏమైందే?"

"ఇది నాకు తెలీదత్తా."

"తెలీకపోతే పోయి అడుగు మే."

లేచి వెళ్లి డాక్టరు గది తలుపు తట్టాను.