పైల్వాన్‌కు వచ్చిన ఎనిమిది జబ్బులు

1977 మార్చి 6, ఆదివారం, ఉదయం ఏడున్నర. ఒమన్‌లో నిజ్వా ఊరి వెలుపల, రోడ్లు వేసే ఒక కంపెనీ క్యాంపు ఆఫీసులో, ఇరవై మూడేళ్ల గుమాస్తానైన నేను మస్కట్ హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒక కవరు విప్పాను. ఈ తేదీ నేను గుర్తుపెట్టుకున్నది కాదు, డైరీలో ఉన్నది (జ్ఞాపకం మీద నాకు నమ్మకం లేదు, నాదనే కాదు, ఎవరి జ్ఞాపకం మీదా లేదు). ఆ రోజుల్లో మాకు తెలిసిన వైద్యమంతా ఇంట్లో శొంఠి కషాయం, అది పనిచేయకపోతే వీధి చివర కాంపౌండరు ఇచ్చే ఎర్ర నీళ్ల సీసా. మన మందుల ఖర్చులో ఇంకొకరు భాగం పంచుకుంటారనీ, దానికొక పథకం ఉంటుందనీ, ఆ పథకానికి షరతులుంటాయనీ వినలేదు. అయితే విననిదాన్ని కూడా కాగితం చదివి తెలుసుకోగలనని నాకు గట్టి ధీమా. బీకాం ఫస్టుక్లాసులో ప్యాసై, పెళ్లి చేసుకుని, కాకినాడ నుంచి ఇంజనీరు మొగుడి వెంట ఎడారికి వచ్చి, టైపిస్టు సెలవుకని పోయి తిరిగి రాకపోవడంతో ఫిబ్రవరి ఒకటిన అతని కుర్చీలో కూర్చున్న మనిషిని. ధీమా లేకపోతే ఎలా?

కాగితంలో ఉన్నది ఇది. కంపెనీలో పనిచేసే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఒక నీలం కార్డు ఇస్తారు. క్యాంపుకు ఆదివారం, బుధవారం వచ్చే డాక్టరు ఆ కార్డులో జబ్బు పేరు, మందు పేరు రాస్తాడు. మందు బజారులో ఫలానా ఒక్క దుకాణంలోనే కొనాలి. ఏడాదిలో మొదటి నాలుగు రియాళ్ల మందులు ఎవరి ఖర్చు వారిదే. నాలుగు దాటాక ప్రతి రియాలులోనూ ముప్పాతిక కంపెనీది, పాతిక మనిషిది. టానిక్కులకు, తలనూనెలకు వర్తించదు. అంతే. నేను మూడుసార్లు చదివి, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చినవాళ్లకు ఆఫీసు మెట్ల మీద నిలబడి తెలుగులో వివరించాను. వినేవాళ్లలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లు. అయిదో నంబరు రూములోని ఎనిమిది మందికీ పెద్ద అయిన మేస్త్రి అంతా విని, తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టుకుంటూ అన్నాడు: "అంటే నాలుగు రియాళ్ల దాంక మనమే వెట్టుకోవాలె. ఒక్కనికి ఒక్క ఏడు నాలుగు రియాళ్ల రోగం ఎన్నడొస్తది బిడ్డా? మా రూముల ఒక్కొక్కనికి రెండో, రెండున్నరో అయితయి. ఇగ కంపెనీ ఇచ్చెడిదేంది? ఇస్తనన్నట్టే ఉంటది, ఇయ్యనట్టే ఉంటది."

నిజమే. ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. మూడో రోజు మధ్యాహ్నం పప్పులో తాలింపు వేస్తుండగా లెక్క తట్టింది (తాలింపు మాడింది, అదీ డైరీలో ఉంది). ఆ రూములో ఎనిమిది మందికి వంట ఒకటే. బియ్యం, పప్పు, మిరపకాయలు అన్నీ బజారులో ఒక్కడి పేర ఖాతా రాయించి, నెలాఖరుకు పంచుకునేవారు. తిండికి చేసే పని మందుకు మాత్రం ఎందుకు చేయకూడదు? ఎనిమిది మందికి తలా రెండున్నర చొప్పున ఇరవై రియాళ్లు. విడివిడిగా ఎవడూ నాలుగు దాటడు, కంపెనీ పైసా ఇవ్వదు. అవే ఇరవై ఒక్క కార్డు మీద పడితే? మొదటి నాలుగు మనవి. మిగిలిన పదహారులో పాతిక, అంటే మరో నాలుగు మనవి. మొత్తం ఎనిమిది. మనిషికి రెండున్నర పోయి ఒక్కటే రియాలు! కార్డు మీద ఫొటో లేదు. డాక్టరు పూటకు అరవై మందిని చూసేవాడు. "నాలుక చూపించు" అనేవాడే గాని తలెత్తి ముఖం చూసేవాడు కాదు. ఆయనకు నాలుకలు గుర్తుండేవేమో, ముఖాలు గుర్తుండేవి కావు. ఇది దొంగతనమన్న ఆలోచన నాకు రాలేదంటే నమ్మండి. లెక్క అంత అందంగా ఉంది.

మేస్త్రికి చెబితే కాసేపు గాలిలో వేళ్లు ఆడించి, "నీ కడుపు సల్లగుండ" అన్నాడు. ఇక ఎవరి కార్డు వాడాలన్నది ప్రశ్న. ఎక్కువ జబ్బు చేసేవాడిది వాడితే నాలుగు రియాళ్లు త్వరగా దాటుతాయి కదా అన్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు. "రోగమున్నోని పేరు మీద ఇంకింత రోగం రాయిస్తే అది బలుస్తది బిడ్డా. రోగం లేనోని పేరున రాయిద్దాం. దానికి ఎటు పోవాల్నో తొవ్వ దొరకదు" అన్నాడు. రూములో అందరూ తలలూపారు. జబ్బన్నది ఎరగనివాడు ఆ రూములో ఒక్కడే. జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు, రెండు సిమెంటు బస్తాలు చెరో భుజాన వేసుకుని మాట్లాడుతూ నడిచేవాడు, అందరూ పైల్వాన్ అని పిలిచే కుర్రాడు. ఊళ్లో చేలో సగం తవ్విన బావి ఉందట; రెండేళ్ల కాంట్రాక్టు పూర్తయితే మిగతా సగం తవ్వించాలని వచ్చాడు. "నీకు ఒక్క మాత్రా అక్కర్లేదు, నీ వాటా మాత్రం కట్టాలి, సరేనా?" అని అడిగాను. "రూము ఖర్సే గదక్కా. నేను ఉల్లిగడ్డ తినను. ఉల్లిగడ్డల పైసలు ఇస్తలేనా?" అన్నాడు.

నాలుగు నెలలు పథకం నూనె పోసిన బండిలా నడిచింది. నీలం కార్డు తలుపు వెనక మేకుకు వేలాడేది. ఎవరికి ఒంట్లో బాగాలేకపోతే వాడు దాన్ని జేబులో వేసుకుని డాక్టరు దగ్గర పైల్వాన్ అయిపోయేవాడు. నెలాఖరున బిల్లులు కూడి, ఏడాదికి ఒక్కసారే పోయే ఆ నాలుగు తీసి, పాతిక, ముప్పాతిక విడగొట్టి, చక్కగా టైపు చేసి మస్కట్ పంపేదాన్ని. మా ఆయనకు మాత్రం చెప్పలేదు (ఆయన సిమెంటు, ఇసుక పాళ్లు తప్ప వేరే పాళ్లు పట్టించుకునే మనిషి కాదు).

జూలై 16, శనివారం, ఉదయం పది. మస్కట్ నుంచి టపా తెచ్చే జీపు వచ్చింది. కవరు విప్పింది నేనే. 'నూట పద్దెనిమిదో నంబరు కార్మికుడికి ఈ నాలుగు నెలల్లో ఉబ్బసం, రక్తపోటు, మొలలు, తామర, కడుపులో మంట, చిగుళ్ల వాపు, కంటి కలక, నడుము నొప్పి ఉన్నట్టు రికార్డులో కనబడుతోంది. ఇటువంటి వ్యక్తిని ఎండలో పనిచేయించడం ప్రమాదకరం. ఈ నెల 28న బొంబాయి విమానంలో ఇంటికి పంపవలసినది.' చదువుతూ కిటికీలోంచి చూశాను. నూట పద్దెనిమిదో నంబరు నిండు నీళ్ల డ్రమ్ము భుజాన పెట్టుకుని, ఎవరితోనో నవ్వుతూ, మిట్ట ఎక్కుతున్నాడు.

భోజనానికి వచ్చినప్పుడు మా ఆయనకు మొత్తం చెప్పేశాను. ఆయన అన్నం కలుపుతూ విని, "లెక్కలో తప్పేమైనా ఉందా?" అన్నారు.

"లేదండీ. మూడుసార్లు చూశాను."

"అదే చెడ్డది. తప్పుంటే పొరపాటు అనుకునేవాళ్లు. రేపు నువ్వే వెళ్లి చెప్పు. నేను పక్కన నిలబడతాను, మాట్లాడను."

నాకు మాత్రం ఇంకో దారి ఉందనిపించింది. మర్నాడు ఆదివారం, డాక్టరు వచ్చే రోజు. పైల్వాన్‌ను పరీక్ష చేసి, గట్టిగా ఉన్నాడని ఆయన ఒక్క ముక్క రాసిస్తే చాలు. నేను నోరు విప్పకుండానే గండం గడుస్తుంది. "అడిగినదానికి నిజం చెప్పు, అంతే" అని పైల్వాన్‌కు చెప్పాను. ఉత్తరం సంగతి విని వాడి ముఖం వాడిపోయింది గాని, సరేనన్నాడు. క్యాంపు మేనేజరు (లెబనాన్ మనిషి, అరబ్బీలో అందరూ ముదీర్ అనేవారు) కూడా వచ్చి కూర్చున్నాడు. మేస్త్రీ, రూమువాళ్లూ గుమ్మం బయట. డాక్టరు మొదటిసారి తలెత్తి ముఖం చూశాడు. తర్వాత కార్డు చూశాడు. మళ్లీ ముఖం చూశాడు.

"సాఁస్ ఫూల్తీ హై?" అన్నాడు, ఊపిరి ఎగబోస్తుందా అని.

పైల్వాన్ ఒక్క క్షణం గుమ్మం వైపు చూశాడు. తర్వాత దగ్గాడు. నా జన్మలో అంత చేతకాని దగ్గు వినలేదు. "హా సాబ్" అన్నాడు. నడుము నొప్పా? నడుము పట్టుకున్నాడు. కళ్లు? నులుముకున్నాడు. ఎనిమిదింటికీ ఒప్పుకున్నాడు. మొలలకు ఏం చేసి చూపించాలో తెలియక, కూర్చోబోయినవాడు లేచి నిలబడ్డాడు. బయట ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏమిటయ్యా ఇది? నిజం చెప్పమన్నానా!" అన్నాను.

"ఎట్ల జెప్పాలక్కా? నేను పోతే ఒక్కణ్ణి పోత. జెప్తే రూమంత పోదా?" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది మాత్రం కంటి కలక కాదు.

ఆ తర్వాత నోరు మూసుకుని ఉండడం నాకు సాధ్యం కాలేదు. ముదీర్ వైపు తిరిగి, వచ్చిన ఇంగ్లీషులో, మొదటినుంచి చెప్పాను. ఈ ఎనిమిది జబ్బులూ ఇతనివి కావు, ఉపాయం నాది, వీళ్లు నేను చెప్పినట్టు చేశారు అన్నాను. మా ఆయన మాట ప్రకారం పక్కన నిలబడ్డారు, మాట్లాడలేదు. ముదీర్ కోప్పడలేదు. కాగితం, పెన్సిలు నా ముందుకు తోసి, "ఆ లెక్క ఒకసారి వేసి చూపించు" అన్నాడు. వేశాను. చాలాసేపు చూశాడు. "లెక్క సరిగ్గానే ఉంది" అన్నాడు. ఆ స్థితిలో కూడా నాకు కాస్త గర్వం కలిగిందని రాయకపోతే అబద్ధం రాసినట్టే.

అప్పుడు ఆయన మెల్లగా అడిగాడు. "మరి ఉబ్బసం ఎవరిది? నెల తప్పకుండా మందు కొన్నారు. ఎవరో ఒకరు పీల్చుకోలేని ఊపిరితో నా క్వారీ దుమ్ములో తిరుగుతున్నారు."

నాకు తెలియదు. నిజంగానే తెలియదు. మొత్తాలు తప్ప ఏ మందు ఎవరు మింగారో నేనెప్పుడూ అడగలేదు.  గుమ్మం బయటినుంచి, తలపాగా విప్పి చేత్తో పట్టుకుని మేస్త్రి లోపలికి వచ్చాడు. "నాదే. రక్తపోటు గుడ నాదే" అన్నాడు. నా వైపు చూడకుండా, "నా కార్డు మీద రాస్తే నన్ను ఇంటికి తోలుతరని భయమయ్యింది బిడ్డా. పోరనిది ఉక్కు పానం, వాణ్ణెవరు తోలుతరనుకున్న" అన్నాడు. రోగానికి తొవ్వ దొరకదన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని పల్లెటూరి నమ్మకమనుకుని నేను లోలోపల నవ్వుకున్నాను కూడా.

ముదీర్ ఎవరినీ విమానం ఎక్కించలేదు. పైల్వాన్ డ్రమ్ములు మోయడానికి వెళ్లిపోయాడు. మేస్త్రిని క్వారీ నుంచి తీసి, గోడౌను గేటు దగ్గర నీడలో కూర్చోబెట్టారు. తన కార్డు మీద తన జబ్బు రాయించుకున్నాడు. నవంబరు నాటికి ఒక్కడే నాలుగు రియాళ్లు దాటాడు; ఆ తర్వాత నెలనెలా ముప్పాతిక కంపెనీ ఇచ్చింది. బజారుకు వెళ్తూ పలకరిస్తే, "ఊపిరి మంచిగనే ఆడుతున్నది బిడ్డా. గని నా మాట వినెటోడు ఒక్కడు లేడు. గీ గేటు గుడ ఇంటలేదు, గాలొస్తె దానంతట అదే తెర్సుకుంటది" అనేవాడు. మూడుసార్లు చదివిన ఆ కాగితం ఎందుకు రాశారో నాకు ఆ గేటు దగ్గర అర్థమైంది. ఎనిమిది మంది చిన్న జబ్బుల కోసం కాదు, ఒక్కడి వదలని జబ్బు కోసం రాశారు.

ఇప్పుడు నాకు రోజుకు ఏడు మాత్రలు. మా కోడలు నా పేర తీసుకున్న ఇన్సూరెన్సు కాగితాలు తెచ్చి, "అత్తయ్యా, సంతకం పెట్టండి" అంటే, ఒక పూట గడువు అడిగి, కళ్లజోడు పెట్టుకుని, చిన్న అక్షరాలు నాలుగుసార్లు చదువుతాను. ఆనాటి పిల్ల ఎదురుపడితే ఒక్కటే చెబుతాను: లెక్క బాగుందమ్మా, ఉబ్బసం ఎవరిదో కూడా అడుగు.

పోయినవి ఇవి. కంపెనీ తిరిగి రాబట్టుకున్నది తొమ్మిది రియాళ్ల ఆరు వందల బైసాలు (రియాలుకు వెయ్యి బైసాలు), అంటే మనిషికి ఒక రియాలు రెండు వందలు. అంతకుముందు తలా పెట్టిన తొమ్మిది వందల బైసాలు కలిపితే రెండు రియాళ్ల వంద, నేను పుట్టకపోయినా అయ్యే ఖర్చు అంతే. నా ఉద్యోగం, అయిదు నెలల పద్దెనిమిది రోజులది. ఒక మనిషి మేస్త్రిగిరీ. ఒక గిన్నెడు పప్పు.